పణా సంక్రాంతి – పొరుగువారి సంవత్సరాది

ఏటేట ఏప్రిలు నెల రెండవ వారము వచ్చునప్పటికి మా తరగతి గదులలో ఒక ప్రశ్న బయలుదేరుట పరిపాటి. అడుగువారు సాధారణముగా ఆరవ తరగతివారో, ఏడవ తరగతివారో అయియుందురు. "మాస్టారూ! మన ఉగాది అయిపోయినది గదా. పచ్చడి తింటిమి, పంచాంగము వింటిమి. మరల ఎదురింటి ఒడియావారికి ఇప్పుడు క్రొత్త సంవత్సరమేమి? మనది సరియైనదా, వారిది సరియైనదా?" ఇదియే ఆ ప్రశ్న. ఒక ఏడు ఒక బాలుడు మరియొక అడుగు ముందునకు వేసెను. అతనితో వీధిలో ఆడుకొను ఒడియా స్నేహితుడు, "మీ సంవత్సరాది ఏటేట తేదీ మార్చుకొనుచుండును. మాది ఎన్నడును మారదు. కావున మాదే నిజమైనది" అనెనట. మావాడు బదులు చెప్పలేక చిన్నబోయి వచ్చెను. "ఎవరి ఆచారము వారిది, పోయి చదువుకొనుము" అని మేమతనిని పంపివేసితిమి. తరువాత ఆలోచింపగా, అది సమాధానము కాదనియు, ప్రశ్నను వాకిట నిలిపి తలుపు వేయుటయే యనియు మాకు తోచెను. ఆనాడు చెప్పవలసిన దానిని ఇప్పుడు చెప్పుచున్నాము.

సూర్యుడు ఒక రాశినుండి మరియొక రాశిలో ప్రవేశించుటకు సంక్రమణమని, సంక్రాంతియని పేరు. రాశులు పండ్రెండు గనుక ఏడాదికి సంక్రాంతులును పండ్రెండే. "సంక్రాంతి" అన్నంతనే మనకు జనవరి నెలలోని మకర సంక్రాంతి ఒక్కటియే స్ఫురించును. అది మనకు పెద్ద పండుగ. తక్కిన పదునొకండు సంక్రాంతులును మన పంచాంగములలో చిన్న అక్షరములలో నుండును. తర్పణములు విడుచు పెద్దలు తప్ప వానిని గమనించువారు అరుదు. రాశులలో మొదటిది మేషము. ఏప్రిలు 14వ తేదీన, ఒక్కొక్కయేట 13వ తేదీన, సూర్యుడు మేషమున ప్రవేశించును. ఆ దినమే ఒడిశాలో సంవత్సరాది. దానికి శాస్త్రమునందలి పేరు మహావిషువ సంక్రాంతి. ఇండ్లలోని పేరు పణా సంక్రాంతి. గంజాం పల్లెలలో మేరు సంక్రాంతి యనియు అందురు. తమిళుల పుత్తాండు, కేరళీయుల విషు, అస్సామువారి బొహాగ్ బిహు, పంజాబువారి వైశాఖి, బెంగాలీల పొయిలా బొయిశాఖ్, ఇవి యన్నియు ఈ ఒక్క సూర్యప్రవేశమును బట్టి వచ్చునవే.

ఇక తేదీ మారుట మాట. మన ఉగాది 2021లో ఏప్రిలు 13న వచ్చెను. 2022లో ఏప్రిలు 2న. 2023లో మార్చి 22న. 2024లో మరల ముందునకు దుమికి ఏప్రిలు 9న వచ్చెను. ఇందులో క్రమము లేదని పిల్లలు భ్రమపడుట సహజమే. కాని క్రమము కలదు. మన మాసము చంద్రునిది. అమావాస్య మరునాడు మొదలై మరల అమావాస్యతో ముగియును. అట్టి మాసములు పండ్రెండు చేరినచో సుమారు 354 దినములగును. సూర్యుని సంవత్సరమునకు 365 దినములు. ఏటికి పదునొకండు దినముల లోటు. అందువలననే ఉగాది వరుసగా పదునొకండు దినముల చొప్పున వెనుకకు జరుగుచుండును. లోటు ఒక నెలకు చేరునప్పటికి పెద్దలు అధికమాసము నొకదానిని చేర్చి సరిచేయుదురు. 2023లో అధిక శ్రావణము వచ్చినది. కనుకనే 2024 ఉగాది ముందునకు దుమికినది.

ఇచ్చట విద్యార్థులు ఒక్క క్షణము నిలువవలెను. లోటు తీరవలెనన్నచో దానిని కొలుచుట కొక గుఱుతుండవలెను గదా. ఏ మాసమునకు చైత్రమని పేరు పెట్టవలెను? ఆకాశమున చంద్రుడు తన మాసముల పేర్లు చెప్పుకొనడు. పంచాంగకర్తల సూత్రమిది: ఏ చాంద్రమాసములో సూర్యుడు మేషమున ప్రవేశించునో ఆ మాసమే చైత్రము. ఏ చాంద్రమాసములో సంక్రమణమే జరుగదో అది అధికమాసము. చైత్రమునకు మొదటి దినము మన ఉగాది. అనగా, మన పొరుగువారి పణా సంక్రాంతి ఎచ్చట నున్నదో చూచుకొని, దానిని తన కడుపున నిడుకొన్న చాంద్రమాసమును పట్టుకొని, ఆ మాసపు తొలి దినమున మనము ఉగాది జరుపుకొనుచున్నాము. మన పండుగ వారి పండుగకు ముందు వచ్చునే గాని తరువాత వచ్చుట లేదు. ముందు వచ్చినను సాధారణముగా నెలదినములకు మించి ముందు రాదు. 2021లో రెంటికిని ఒక్క దినమే యెడము. ఆ యేడు మనకును తమిళులకును సంవత్సర నామము ఒక్కటియే, ప్లవ. మన ప్లవ 13న పుట్టినది, వారి ప్లవ 14న పుట్టినది. ఇట్టి రెంటిలో ఏది నిజమని యడుగుట, గడియారమున చిన్న ముల్లు నిజమా పెద్ద ముల్లు నిజమా యని యడుగుట వంటిది.

అయినచో "మాది ఎన్నడును మారదు" అన్న ఒడియా బాలుడు గెలిచినట్లేనా? తొందరపడరాదు. అతని పండుగ శాస్త్రనామములోనే ఒక చిక్కు కలదు. విషువమనగా రాత్రియు పగలును సమముగా నుండు దినము. ఏప్రిలు 14న బరంపురములో సూర్యోదయము నుండి సూర్యాస్తమయము వరకు గడియారము చూచినచో పగలు పండ్రెండున్నర గంటలకు మించును. సమరాత్రము అంతకు ఇరువదినాలుగైదు దినములకు ముందే, మార్చి 20, 21 తేదీలలో, గడచిపోయినది. మరి పేరు అబద్ధమా? కాదు. అది పాతపడిన నిజము. నక్షత్రములను గుఱుతుగా నుంచుకొని కొలిచిన సూర్యుని సంవత్సరము 365 దినముల 6 గంటల 9 నిమిషములు. ఋతువులను గుఱుతుగా నుంచుకొని కొలిచినచో 365 దినముల 5 గంటల 49 నిమిషములు. భేదము ఇరువది నిమిషములు మాత్రమే. భూమి అక్షము బొంగరమువలె మెల్లమెల్లగా ఊగుటయే ఇందులకు కారణము. ఇరువది నిమిషములే యైనను డెబ్బదిరెండేండ్లకు ఒక దినమగును. మన సంక్రాంతులన్నియు నక్షత్రములను పట్టుకొనియున్నవి. ఋతువులు వానిని విడిచి వెనుకకు జారుచున్నవి. లెక్క వేసినచో సుమారు పదునేడువందల సంవత్సరముల క్రిందట మేష సంక్రాంతియు సమరాత్రమును కలిసియుండెనని తేలును. నాడు పెట్టిన పేరు నేటికిని నిలిచినది. సిక్కుల ఖాల్సా 1699లో వైశాఖి నాడు స్థాపింపబడినది. ఆ తేదీని ఇప్పటి ఇంగ్లీషు లెక్కకు మార్చినచో ఏప్రిలు 8, 9 తేదీలగును. ఇప్పుడదే పండుగ 13, 14 తేదీలకు వచ్చినది. కావున ఆ బాలుని సంవత్సరాదియు నడచుచునే యున్నది. దాని నడక ఒక మనిషి జీవితములో కనబడునంత వేగముగా లేదు, అంతియే.

స్వాతంత్ర్యము వచ్చిన పిదప ప్రభుత్వము 1952లో మేఘనాథ సాహా అధ్యక్షతన ఒక పంచాంగ సంస్కరణ సంఘమును నియమించెను. వారి సిఫారసును అనుసరించి 1957 మార్చి 22 నుండి జాతీయ శక సంవత్సరము అమలులోనికి వచ్చినది. దాని చైత్రము సమరాత్రమునకు మరునాడు మొదలగును. ఆకాశవాణిలో ఆ తేదీని చదువుదురు, ప్రభుత్వ గెజెట్టులలో ముద్రింతురు. కాని ఇండ్లలో పణాకుండ దానిని చూచి వ్రేలాడదీయు ఒడియా గృహిణిని మేమింతవరకు ఎఱుగము.

ఒడిశాలో పంచాంగము మాట వచ్చినప్పుడు పఠాణి సామంతుని స్మరింపకుండుట తగదు. ఖండపడా సంస్థానమున 1835లో జన్మించిన సామంత చంద్రశేఖరుడే ఈయన. దూరదర్శినిని ఆశ్రయింపక, వెదురుతోను కఱ్ఱతోను స్వయముగా చేసికొన్న సాధనములతో, కంటితో చూచుచు ఏండ్ల తరబడి గ్రహగతులను కొలిచెను. పాత సిద్ధాంత గ్రంథముల లెక్కలకు ఆకాశమున కనబడుదానికి భేదము వచ్చుచున్నదని గమనించి, సంస్కృతశ్లోకములలో 'సిద్ధాంత దర్పణము' రచించెను. తాటాకులపై ఒడియా లిపిలో నున్న ఆ గ్రంథము 1899లో కలకత్తాలో ముద్రితమైనది. పూరీ జగన్నాథాలయమున పండుగల నిర్ణయమునకు ఆయన గణితమే ఆధారమైనది. మన తెలుగు పిల్లలు ఒడిశాలో చదువుచు ఆయన పేరు వినకుండుట లోపమని మా యభిప్రాయము.

ఒకే సంక్రమణమును పట్టుకొన్న వారిలోనైనను దినము విషయమున ఏకాభిప్రాయము లేదు. సంక్రమణము జరిగిన దినముననే మాసమారంభమని ఒడియావారి నియమము. సూర్యాస్తమయమునకు ముందు జరిగిన ఆ దినము, తరువాత జరిగిన మరునాడు అని తమిళులది. కేరళములో హద్దు మధ్యాహ్నము దాటిన కొంతసేపటికే. బెంగాలీలు ఎప్పుడును మరునాటికో, ఆపై నాటికో త్రోయుదురు. అందుచేత కలకత్తా సంవత్సరాది తరచుగా ఏప్రిలు 15. అంతమాత్రమేల, ఒడిశాలోనే మరియొక సంవత్సరాది కలదు. భాద్రపద శుక్ల ద్వాదశికి సునియా యని పేరు. గజపతుల రాజ్యాంకములు ఆ దినమున మారును. ఆ అంకముల లెక్క విచిత్రమైనది. 1ని విడుతురు; 6తో ముగియు సంఖ్యలను విడుతురు; 10 తప్ప సున్నతో ముగియువానినెల్ల విడుతురు. కావున శాసనములో 21వ అంకమని యున్నచో రాజు సింహాసనమెక్కి పదునేడవ సంవత్సరమని గ్రహింపవలెను. పిల్లలు వ్రేళ్లపై లెక్కించి చూచుకొందురు గాక.

ఇంతవరకు పంచాంగపు మాట. ఇక పండుగ మాట. పణా యనగా మన పానకమే. రెండును ఒకే సంస్కృత శబ్దము బిడ్డలు. మనము శ్రీరామనవమి నాడు బెల్లపు నీటిలో మిరియములు, శొంఠి, ఏలకులు వేసి పందిళ్లలో పంచుదుము. ఒడియావారు మారేడుపండు గుజ్జును నీటిలో పిసికి, పీచును గింజలను తీసివేసి, బెల్లము, పాలు లేక పెరుగు, అరటిపండు, కొబ్బరికోరు, విరిగిన పాలముద్ద, మిరియపు పొడి చేర్చి తయారుచేయుదురు. ఇంటింటికి పాళ్లు మారును. దానితో ఛతుఆ యని వేయించిన ధాన్యముల పిండిని అరటిపండు, బెల్లముతో కలిపి తినుట యున్నది. బీహారులో ఇదే దినమునకు ఆ పిండి పేరిట సతుఆన్ అను పేరే కలిగినది. మేము మొదటిసారి మారేడు పణా త్రాగినప్పుడు దాని వాసనకు కొంచెము జంకితిమి. రెండవ గ్లాసు మేమే యడిగితిమి.

అన్నిటికంటె మా మనసున నిలిచినది తులసికోటపై కుండ. దానిని బసుంధరా ఠేకి యందురు. చిన్న మట్టికుండకు అడుగున సన్నని రంధ్రము చేసి, అందులో దర్భనో గుడ్డపీలికనో దూర్చి, నీటితోనో పణాతోనో నింపి, తులసికి సరిగా పైన వ్రేలాడదీయుదురు. పైన కొమ్మలతో చిన్న పందిరి. చుక్క వెంట చుక్కగా తులసి మొదట పడుచుండును. వైశాఖమంతయు కుండ ఎండకుండ ప్రతిదినమును నింపవలెను. శివాలయములో లింగముపై ధారాపాత్రను చూచినవారికి ఇది క్రొత్త కాదు. అచ్చట దేవుని తల తడియును, ఇచ్చట మొక్క మొదలు తడియును. వానకొఱకు చేయు ప్రార్థనయని కొందరు పెద్దలు చెప్పుదురు. ఇంటిలోని చిన్నపిల్లకు ఆ కుండ నింపు పని అప్పగించుట మేము చూచితిమి. ఆ పిల్ల నెలదినములు ఒక మొక్క దాహమును జ్ఞాపకముంచుకొనవలసి వచ్చును.

దాహము మాట ఇచ్చట అలంకారము కాదు. ఒడిశా వేసవి తీవ్రమైనది. టిట్లాగఢ్ ఎండలు దేశమంతట ప్రసిద్ధములు. 1998 వేసవిలో వడదెబ్బచే ఈ రాష్ట్రమున రెండువేలకు మించిన జనులు మరణించిరి. అట్టి వేసవి వాకిట సంవత్సరాది వచ్చుచున్నది. ఆ దినమున చేయదగిన దానములేవో చూడుడు: నీళ్లకుండ, గొడుగు, విసనకఱ్ఱ, పాదరక్షలు. బాటల ప్రక్కన జలఛత్రములు తెరతురు. అవి మన చలివేంద్రములే. మన పెద్దలు వైశాఖమున అక్షయతృతీయ నాడు ఉదకకుంభ దానము చేయుదురు. ఎండలో నడచువాని అవసరములను ఒక్కొక్కటిగా తలచి వ్రాసిన జాబితావలె నున్నవి ఈ దానములు. నేడు వీనిలో కొన్ని సంకల్పమంత్రములలో మాత్రమే మిగులుచున్నవి. గొడుగునకు మారుగా రూపాయి బిళ్ల చేతిలో పెట్టుటను మేము చూచితిమి. రూపాయి నీడ నీయదు.

గంజాం వైపు పల్లెలలో ఈ పండుగకు ముందు నడచునది దండనాట. ఇది పదుమూడు దినములు, కొన్నిచోట్ల పదునెనిమిది, ఇరువదియొక్క దినములు సాగి మేరు సంక్రాంతితో ముగియును. మ్రొక్కుకొన్నవారు దండువాలగుదురు; వారి నాయకుడు పాటదండువా. శివుని, కాళిని కొలుచుచు, ఒంటిపూట హవిష్యము తినుచు, ఇల్లు విడిచి ఊరూర తిరుగుదురు. కులభేదము లేక కలిసి వ్రతము పూనుదురు. మ్రొక్కున్న గృహస్థు పిలిచిన వాకిట మిట్టమధ్యాహ్నపు ఎండలో కాలిన దుమ్ములో పొరలుచు వారు చేయునది ధూళిదండము. చెరువులో చేయునది పాణిదండము. రాత్రియైనచో అదే బృందము ఆటపాటలు సాగించును. పిట్టలవాడును అతని భార్యయు, శబరుడును శబరియు, పాములవాడును అతని ఆలియు, వీణకాడును ఒకరి వెంట ఒకరు వచ్చి పాటలతోను హాస్యముతోను తెల్లవార్లు ఊరిని మేలుకొలుపుదురు. పగలు తపస్సు, రాత్రి నవ్వు. ఈ రెంటిని ఒక్క మనుష్యులే చేయుట మాకెప్పుడును ఆశ్చర్యమే. జంఖడ సారళాదేవి సన్నిధి మొదలగుచోట్ల ఆ సంక్రాంతి నాడు ఝాముజాత్ర, అనగా నిప్పులపై నడక జరుగును. వ్రతనియమములతో సిద్ధపడినవారు చేయు పని అది. చూచివచ్చిన పిల్లలు పెరటిలో ప్రయత్నింపదగినది కాదు. మయూరభంజములోని బారిపదలో చైత్రపర్వపు ఛౌ నృత్యములును ఇదే సమయమున. ఛౌ నృత్యము 2010లో యునెస్కో వారసత్వ పట్టికలో చేరినది. హనుమజ్జయంతిని ఒడియావారు ఈ సంక్రాంతి నాడే చేయుదురు. మనకది వైశాఖ బహుళ దశమి.

1936 ఏప్రిలు 1న ఒడిశా రాష్ట్రమేర్పడువరకు గంజాం, కోరాపుట్టు ప్రాంతములు మద్రాసు రాజధానిలోనివి. ఎల్లలు మారినను వీధులు మారలేదు. ఒక వాకిట ఉగాది మామిడాకులు వాడకమునుపే ప్రక్క వాకిట ఠేకి వ్రేలాడును. ఇక మీదట ఆ ప్రశ్న వచ్చినప్పుడు మేము పిల్లలను ఆటస్థలమునకు తీసికొనిపోవ నిశ్చయించితిమి. విద్యార్థులును స్వయముగా చేయవచ్చును. సరిగా నూరు సెంటిమీటర్ల కఱ్ఱను సమతలమున నిలువుగా పాతుడు. మార్చి 21న మధ్యాహ్నము నీడ అన్నిటికంటె పొట్టిగా నుండు వేళ కొలువుడు. బరంపురములో సుమారు 35 సెంటిమీటర్లుండును. మరల ఏప్రిలు 14న, పణా త్రాగిన పిమ్మట, అట్లే కొలువుడు. నీడ ఇంచుమించు సగమై 17 సెంటిమీటర్లకు వచ్చియుండును. మే నెల నడుమ ఒకటి రెండు దినములు నీడ కఱ్ఱ మొదటనే అణగిపోవును. ఉగాది నాటి నీడను గూడ కొలిచి, మూడింటిని తేదీలతో నోటుపుస్తకమున వ్రాసికొని, వచ్చే యేడు మరల కొలిచి సరిచూచుకొనుడు. ఎదురింటి స్నేహితుని కూడ పిలుచుకొని రండు. కఱ్ఱ నిలువుగా నున్నదో లేదో చూచుటకు రెండవవాడు కావలెను.